కోట లోపలి ముగ్గు

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఇంటర్నెట్ పెట్టెకు కరెంటు అందించే చిన్న నల్ల అడాప్టరు మితిమీరి వేడెక్కి గదినంతా ఒక వాసనతో నింపింది. కాలిన వాసన కాదు, కాలడానికి ముందుండే వాసన. వేడెక్కిన ప్లాస్టిక్కూ, దాని చీలికల్లో పేరుకున్న దుమ్మూ, లోపలి రాగి తీగా కలిసి వచ్చే వాసన. మా అమ్మాయి పరుగున వచ్చి ప్లగ్గు పీకేసి, ఇంతసేపు ఎలా కూర్చున్నావమ్మా, ముక్కు పనిచేయడం లేదా అని కోప్పడింది. ముక్కు బాగానే పనిచేస్తున్నది. అది నన్ను నలభై ఏళ్ళ వెనక్కి, లెక్క సరిగ్గా చెప్పాలంటే నలభై ఏళ్ళ నాలుగు నెలల వెనక్కి, మద్రాసు తొండియార్‌పేటలో మేమున్న ఇంటి వెనక గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. అందుకని లేవలేదు.

ఆ ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి వైపు వాకిలి, దాని వెనక ముందుగది, నడవ, వంటిల్లు, అన్నిటికన్నా చివర నల్ల సిమెంటు నేల వేసిన వెనక గది. మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి జార్జి టౌన్‌లో ఒక మండీలో గుమాస్తాగా చేరడానికి వచ్చాడని, ఆ తర్వాత మావాళ్ళెవరూ ఓడ కూత వినపడని చోట కాపురం పెట్టలేదని అవ్వ చెప్పేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఒకదానిలోంచి ఒకదానిలోకి గడప దాటినంత సులువుగా దాటేవాళ్ళం. ఎండాకాలం వేరుశనగ నూనె గోదాముల వాసన, వానాకాలం కాలవలు పొంగి మెట్ల దాకా వచ్చే బురద వాసన, గాలి తూర్పు నుంచి తిరిగితే ఎండుచేపల వాసన. కళ్ళు మూసుకున్నా నెల ఏదో చెప్పగలిగేవాళ్ళం. సముద్రపు గాలికి కిటికీ చువ్వలు, బీరువా తాళాలు, నాయన సైకిలు గంట, అన్నీ తుప్పు పట్టేవి. ప్రతి ఆదివారం నాయన కొబ్బరినూనె గుడ్డతో వాటిని తుడుస్తూ, ఇల్లు కట్టుకోవడం కాదు, ఓడను కాపాడుకోవడం అనేవాడు.

ఆటలకు వీధి సరిపోయేది కాదు. తొక్కుడుబిళ్ళను మేం పాండి అనేవాళ్ళం. తారు రోడ్డు మీద ఇటుక ముక్కతో గళ్ళు గీసి, పాలబండి వచ్చి చెరిపేసేదాకా ఆడేవాళ్ళం. వినాయక చవితికి మా ఇంట్లో కుడుములు, పక్కింట్లో కొళుక్కట్టలు. రెండూ ఒకటే అని వాళ్ళూ, కాదని అవ్వా ఏటా వాదించుకునేవాళ్ళు. నవరాత్రుల్లో తొమ్మిది రోజులూ తొమ్మిది రకాల సుండళ్ళు, అంటే గుగ్గిళ్ళు. ఏ రోజు అలసందలో, ఏ రోజు బఠాణీలో, ఎవరింట్లో కొబ్బరి ఎక్కువ వేస్తారో నేను గుర్తుపెట్టుకుని మా పిల్లల గుంపును సరైన రోజు సరైన ఇంటికి తీసుకుపోయేదాన్ని. లెక్కలు నాకు అప్పటినుంచే అబ్బాయి. తర్వాత ముప్పై ఏళ్ళు ఆడిటు ఆఫీసులో కూర్చుని చేసిన పని కూడా ఇంతకంటే గొప్పదేమీ కాదు.

ఇక వసంతత్త. నాయనకు చెల్లెలు. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. ఆయన ఒక వారం జ్వరంతో పోయాడు. ఇరవై ఆరేళ్ళకు ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి తిరిగివచ్చి, వెనక గదిలో చాప పరుచుకుంది. అత్త చేతి ముగ్గు గురించి మా వీధిలో అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు మార్గళి నెలంతా, అంటే ధనుర్మాసమంతా, తెల్లవారుజామున అత్త ముగ్గు పెట్టేదాకా పక్కిళ్ళ ఆడవాళ్ళు తమ వాకిళ్ళలో నీళ్ళు చల్లుకుని ఎదురుచూసేవాళ్ళట, చూసి వేసుకోవడానికి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి దారంలా జారేది, ఎక్కడా తెగేది కాదు, ఎక్కడా లావయ్యేది కాదు. తిరిగివచ్చాక ఆ వేళ్ళు పప్పు రుబ్బడానికీ, బియ్యంలో రాళ్ళు ఏరడానికీ పనికివచ్చాయి. వాకిట్లో ముగ్గు ముత్తైదువ పెట్టాలి. అది ఎవరూ గోడమీద రాసి పెట్టలేదు, ఎవరూ అడగనూ లేదు. అవ్వ కూడా తాతయ్య పోయిన రోజు నుంచి ముగ్గు చిప్ప ముట్టలేదు. కనుక అమ్మే పెట్టేది, అమ్మకు ముగ్గు రాదు.

రాదు గనుక అత్త ఒక పద్ధతి కనిపెట్టింది. చీకటితోనే లేచి ముందుగది కిటికీ రెక్క వెనక, వీధిలో వాళ్ళకు కనపడకుండా నిలబడి, చిన్న గొంతుతో చెప్పేది: పదిహేను పెట్టు వదినా, ఎదురు చుక్క, ఒకటొచ్చేదాకా, ఎడమ చేతి పక్క మూడు వదిలిపెట్టి మెలిక తిప్పు. అమ్మ బయట వంగి వేస్తుంటే అత్త లోపల గాల్లో వేలు తిప్పేది. కొబ్బరి నూనె, తడి సిమెంటు, గుడి నుంచి వచ్చే మిరియాల పొంగలి వాసనల మధ్య దుప్పటి కప్పుకుని ఆ వేలునే చూసేదాన్ని. అమ్మ ముగ్గు ఎంత వంకరగా వచ్చినా అత్త వేలు వేసిన ముగ్గు మాత్రం ఏ వంకరా లేనిదని నాకు తెలిసేది.

మా ఇంట్లోకి ఒక కొత్త ఆట రావడానికి కారణం చిన్నమామ. అమ్మకు తమ్ముడు, సరుకు ఓడల్లో వైర్‌లెస్ పని. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు, అది ఎనభై అయిదు, వినాయక చవితి వెళ్ళిన వారంలో ఒక అట్టపెట్టె తెచ్చి వెనక గదిలో దించాడు. అందులో రబ్బరు మీటలున్న, పలకంత నల్ల పెట్టె ఒకటి, బిస్కెట్ డబ్బా మూతంత తెర ఉన్న నలుపు తెలుపు టీవీ ఒకటి, టేపురికార్డరు, నాలుగు క్యాసెట్లు. దాన్ని కంప్యూటరు అంటారని చెప్పాడు. ఓడలో ఉప్పుగాలికి పాడైపోతుందని, సంక్రాంతి పండగ నాటికి మళ్ళీ రేవుకు వస్తానని, అప్పటిదాకా వారానికొకసారైనా కరెంటిచ్చి వేడి చేస్తుండమని నాకు అప్పజెప్పాడు. ఆ వేడి వాసనే మొన్నటిది.

క్యాసెట్లలో మూడు పనికిరాలేదు. నాలుగోదానిలో ఒక కోట ఉంది.

ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు. ఆటను టేపురికార్డరులో వేసి పాటలా పాడించాలి. పాట కాదు, ఇనప రేకును గచ్చు మీద ఈడ్చినట్టు కీచుమనే చప్పుడు, మూడు నాలుగు నిమిషాలు. సౌండు కాస్త ఎక్కువైనా తక్కువైనా పెట్టెకు అర్థం కాదు, మళ్ళీ మొదటినుంచి. సరైన చోటు దొరికిన రోజు సౌండు మీట పక్కన సుద్దతో గీత పెట్టాను. చప్పుడు ఆగితే తెరమీద గీతలతో గీసిన కోట, కింద ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు. ముందుగా పేరడుగుతుంది. అత్త గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నా పేరు కొట్టడానికి సిగ్గనిపించి అత్త పేరు కొట్టాను. అప్పుడు ఆ పెట్టె అత్తను పేరుపెట్టి పిలిచింది.

"వసంతా, నువ్వు కోట ముందర నిలబడి ఉండావు. నేల బోసిగా ఉండాది. తలుపు తెరిచి ఉండాది," అని తెలుగు చేసి చదివాను.

అత్త చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "బోసి వాకిలా? సావింటికా పిలస్తా ఉండాది నన్ను?" అని, కాసేపటికి తనే నవ్వి, "సరి, తలుపు తీసిపెట్టినారు గదా. పోదాం పా లోపలికి," అంది.

లోపలికి అడుగు పెట్టగానే తలుపు మూసుకుంది. ఇక బయటికి రావడానికి లేదు. కోటలో చీకటి కమ్మిందట, తొమ్మిది దీపాలు తొమ్మిది చోట్ల పోయాయట, అన్నీ దొరికితే గానీ తెల్లవారదట. మనిషికి ఇంత బలం, ఇంత తిండి, కాగడాకు ఇంత నూనె అని అంకెలు. గదిలోంచి గదిలోకి పోతే నూనె తగ్గుతుంది, వెతికితే ఇంకాస్త తగ్గుతుంది, భూతాలు ఎదురైతే బలం తగ్గుతుంది. మొదటి వారంలో ఒకే నాలుగు గదుల్లో తిరిగి తిరిగి నూనె అయిపోయి చచ్చిపోయాం. అన్ని గదులూ ఒకేలా ఉండేవి.

అప్పుడు అత్త సుద్దముక్క తీసింది. నేను గది పేరు చదివి, ఎటు వైపు దారి ఉందో చెప్పాను. అత్త నల్ల సిమెంటు నేల మీద ఒక చుక్క పెట్టింది. తూర్పుకు పోతే ఇంకో చుక్క. దారి ఉన్నచోట గీత, గోడ ఉన్నచోట వంపు. తెర వైపు అత్త చూసేదే కాదు. ఇంగ్లీషు రాదని కాదు, చూడాల్సింది అక్కడ లేదు. వంగి, పమిట నడుముకు దోపుకుని, ఎడమ చేయి మోకాలి మీద ఆనించి చుక్కల మధ్య నడిచేది. రెండు రోజుల్లో పదకొండు చుక్కలయ్యాయి. మూడో రోజు అత్త ఒక్కసారిగా లేచి నిలబడి, ఎడమ పక్క ఉన్నవన్నీ కుడి పక్క కూడా ఉంటాయని చెప్పి, మేం ఇంకా చూడని గదులకు చుక్కలు పెట్టేసింది. ఆ గదులు అక్కడే ఉన్నాయి.

అవ్వ చూడకుండా ఎన్నాళ్ళు దాస్తాం? అవ్వకు నశ్యం డబ్బా ఎక్కడో పెట్టి మరిచిపోయి ఇల్లంతా వెతికే అలవాటు. అలా వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నం వెనక గదిలోకి వచ్చి, నేల నిండా పరుచుకున్న ముగ్గును చూసి గుమ్మంలో నిలబడిపోయింది. అత్త సుద్దముక్కను కొంగులో దాచుకుంది. ముప్పై ఏళ్ళ మనిషి చిన్నపిల్లలా గోడకు ఆనుకుంది. అవ్వ చాలాసేపు చూసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు గీతను కళ్ళతో పట్టుకుని పోవడం నాకు కనిపించింది.

"లోపల ఏసుకుంటే ఏసుకోనీ," అంది నాతో, అత్త అక్కడ లేనట్టే. "వాకిట్లో మటుకు వద్దు."

నశ్యం డబ్బా టీవీ మీద ఉంది. తీసుకుని వెళ్ళిపోయింది. అత్త కొంగులోంచి సుద్ద తీసి చూస్తే ముక్కలు ముక్కలైపోయి ఉంది.

ఆ వానాకాలం లాంటి వానాకాలం మళ్ళీ నాకు రాలేదు. బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అత్త ఇచ్చిన మరమరాల గిన్నెతో టీవీ ముందు కూర్చుంటే బయట వాన, లోపల కోట. కరెంటు పోతే అంతా పోయేది, అందుకని ప్రతి అరగంటకూ ఆటను ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి దాచేదాన్ని. అత్త దాన్ని ఊరగాయ జాడీల వెనక, తడి తగలని చోట పెట్టేది. నూనె లెక్క నాది. ఎక్కడినుంచి ఎక్కడికి ఎంత నూనె కావాలో, వెనక్కి రావడానికి ఎంత మిగలాలో కూడి చెబితే అత్త ఒక్కసారి కూడా తిరిగి అడిగేది కాదు. నా లెక్కను అలా నమ్మిన మనిషి ఆఫీసులో కూడా దొరకలేదు. నేను తెలుగు చేసి చదివే భూతాలకు అత్త మా వీధిలో వాళ్ళ పేర్లు పెట్టింది. వంతెన దగ్గర దారి అడ్డగించే లావాటి భూతం పాలవాడు, బలమంతా పీల్చేసే ముసలి మంత్రగత్తె పక్కింటి పాటి, అంటే అరవ అవ్వ. పప్పు అడుగంటిన రోజు అమ్మ వంటింట్లోంచి, మీ కోటలో వంటమనిషి కూడా ఉంటే పంపించండని అరిచింది. నాయన రాత్రి అన్నం తింటూ, ఏంమా వసంతా, ఈ రోజు ఎన్ని దీపాలు అని అడిగేవాడు. వదినా మరదళ్ళ మధ్య మాట, అన్నా చెల్లెళ్ళ మధ్య నవ్వు. ఆ ఇంట్లో అవి ఎంతకాలంగా లేవో, అవి వచ్చాకనే తెలిసింది.

అత్తకు కావలసింది ఒక్కటే. అన్ని దీపాలూ వెలిగితే కోట ఎలా ఉంటుందో చూడాలి. మూడు దీపాలు ఎడమ పక్క గదుల్లో దొరికాయి. వాటికి సరిగ్గా ఎదురుగా కుడి పక్క మూడు. నడిమధ్య బావిలో ఒకటి. అన్నిటికన్నా పైన, రాజు గదిలో సింహాసనం కింద ఎనిమిదోది. అది దొరికిన సాయంత్రం అత్త గోధుమ హల్వా చేసింది, పండగ కాకపోయినా. అత్త ఆ రోజు చేసింది కేసరి అని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. కేసరి కాదు, హల్వా. నెయ్యి చాలక అత్త నూనె కలిపింది, ఆ వాసన నాకు తెలుసు.

తొమ్మిదోది దొరకలేదు.

మార్గళి వచ్చింది. తెల్లారి కిటికీ వెనక వాకిటి ముగ్గు, సాయంత్రం వెనక గదిలో కోట ముగ్గు. అత్తకు పొద్దుకు రెండు కొనలూ ముగ్గులే. ఉన్న గదులన్నీ వెతికాం, ఒక్కొక్కటి రెండుసార్లు. చిన్నమామ దగ్గర నుంచి కార్డు వచ్చింది, భోగికి ముందే ఓడ రేవుకు చేరుతుందని, పెట్టెను సిద్ధంగా ఉంచమని. ఆ కార్డు చదివిన రోజు అత్త అన్నం సరిగా తినలేదు. సాయంత్రం నేల మీద ముగ్గు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాని పాదాల దగ్గర, కింది కొసన కోట గుమ్మం ఉన్న చోట నిలబడింది. నేనూ లేచి పక్కన నిలబడ్డాను. అక్కడినుంచి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఎడమ మూడు, కుడి మూడు, నడుమ ఒకటి, పైన ఒకటి.

"పైన ఒకటుంటే కింద కూడా ఒకటుండాల గదా అత్తా?" అన్నాను.

"కింద వాకిలమ్మా," అంది అత్త. "వాకిట్లో మనం పెట్టకూడదు."

అది నాకు సరైన జవాబులాగే అనిపించింది. ఆ ఇంట్లో పెరిగిన ఏ పిల్లకైనా అలాగే అనిపించేది. తలుపు లోపలి మొదటి గదిని ఇంకోసారి వెతికాం. లేదు.

తర్వాత పది రోజులు గోడలను తట్టాం, బావిలోకి మళ్ళీ దిగాం, అత్త ముగ్గులో గీత వంగిన ప్రతి చోటా రహస్యపు తలుపుందేమోనని వెతికాం. నూనె అయిపోయేది. వసంతా, చీకటి నిన్ను కప్పేసింది అని తెరమీద వచ్చేది. అది నేను తెలుగు చేసి చదవడం మానేశాను. చదవకపోయినా అత్తకు తెలిసేది. లేచి జాడీల వెనకనుంచి క్యాసెట్ తెచ్చి నా చేతికిచ్చేది. కోట తలుపు బయటికి మళ్ళీ పోవాలంటే దాచుకున్నదంతా వదిలేసి, ఎనిమిది దీపాలూ పోగొట్టుకుని, మొదటినుంచి మొదలుపెట్టాలి. అలా చేయాలని ఇద్దరికీ తోచలేదు.

చిన్నమామ చెప్పినదానికంటే రెండు రోజుల ముందే వచ్చాడు, చాక్లెట్లు, ఒక గొడుగు, అవ్వకు ఒక శాలువా తీసుకుని. ఎంతదాకా వచ్చారని అడిగాడు. తను మూడో గది దాటి ఎప్పుడూ పోలేదట, కాబట్టి అతన్ని అడిగి ప్రయోజనం లేకపోయింది. వెనక గదిలోకి వచ్చి నేలను చూసి, "అక్కా, ఇది ఎవురు ఏసింది? ఇంత పెద్ద కోలం గుడిలో కూడా సూళ్ళేదే," అని అమ్మతో అన్నాడు. అమ్మ అత్త వైపు చూపించింది. అత్త అప్పటికే వైర్లు చుట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. దాచుకున్న క్యాసెట్ మాత్రం చివరిదాకా చేతిలో పట్టుకుని, ఇది కూడా మీదే అని ఇచ్చేసింది. మాదే, ఖాళీ క్యాసెట్ మేం కొన్నదే అని చెప్పబోయాను. అత్త నా చేయి నొక్కింది.

మరునాడు భోగి పనులు. ఇల్లంతా దులిపి, పాత చాపలు బయటపడేసి, ముందుగది నుంచి మొదలుపెట్టి కడుక్కుంటూ వచ్చారు. వెనక గది దగ్గరికి వచ్చేసరికి అమ్మ బకెట్టు కింద పెట్టి ఆగిపోయింది. నాయన అక్కడే ఉన్నాడు; ఆ గదికి ఈ ఏడు వదిలేయండి, ఏమవుతుంది అన్నాడు. అత్తే బకెట్టు తీసుకుంది. పైనుంచి, రాజు గది నుంచి మొదలుపెట్టి నీళ్ళు పోసింది. సుద్ద వెంటనే పోదు. తడి నేల మీద ముందు ఇంకా తెల్లగా కనిపిస్తుంది, తర్వాత కరుగుతుంది. చీపురుతో తోసిన నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా తూములోకి పోయాయి. కింద గుమ్మం దాకా వచ్చి, కొంగుతో నుదురు తుడుచుకుని, "సరి. సీక్రం ఆరిపోతాది," అంది.

ఆ తర్వాతి వేసవిలో అత్త తిరువొత్తియూరు వెళ్ళిపోయింది. పోయిన భర్త అన్నగారింట్లో పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళమ్మకు ఆరోగ్యం బాగుండదు, మనిషి కావాలన్నారు. అక్కడే ముప్పై మూడేళ్ళు ఉంది. ఆ పిల్లలను పెంచింది, వాళ్ళ పిల్లలకు స్నానాలు పోసింది. నేను పెళ్ళయ్యాక కూడా రెండు నెలలకోసారి లోకల్ రైలెక్కి వెళ్ళి చూసివచ్చేదాన్ని. ఫ్యాక్టరీల పొగ మధ్య రైలు దిగి, సముద్రం వైపు నడిచి, సందులో మూడో ఇల్లు. అత్త కాఫీ ఇచ్చేది, నా కూతురికి జడ వేసేది, నా జీతం ఎంత పెరిగిందో అడిగేది. ముగ్గు మాట ఎత్తేది కాదు. ఒక్కసారి, కళ్ళ ఆపరేషన్ అయ్యాక, పచ్చ గుడ్డ కట్టుకుని పడుకుని ఉండగా, "సరళా, ఆ తొమ్మిదోది ఎవురికన్నా దొరికిందా?" అని అడిగింది. ఏ తొమ్మిదోది అని నేను అడగలేదు. తెలియదత్తా అన్నాను. "దొరికుంటాది లే, ఎవురికో," అంది. ఏడేళ్ళ కిందట పోయింది, ఐప్పసి నెల వానలో, దీపావళి రోజుల్లో. నాయన, అమ్మ, అవ్వ అంతకుముందే పోయారు. తొండియార్‌పేట ఇల్లున్న చోట ఇప్పుడు కార్లు పెట్టుకునే స్తంభాల మీద నాలుగు అంతస్తులు లేచాయి.

అడాప్టరు వాసన వచ్చిన సాయంత్రం ఇదంతా మా మనవరాలు తారకు చెప్పాను. దానికి తొమ్మిదేళ్ళు. నన్ను పాటీ అంటుంది; అవ్వ అనే మాట మా ఇంట్లో నాతో ఆగిపోయింది. కథ సగంలో ఉండగానే అది వాళ్ళమ్మ లాప్‌టాప్ తెరిచి, కోట, తొమ్మిది దీపాలు, పాత ఆట అని ఏదేదో కొట్టి, కొన్ని నిమిషాల్లో ఆ గీతల కోటను నా ముందు పెట్టింది. అదే కోట. కీచుమనే చప్పుడు లేదు, సుద్ద గీత అక్కర్లేదు. ఎవరో ఓపికగా గీసిన పటం కూడా ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని గది తర్వాత గది చూశాను. అత్త నేల మీద వేసినదానికీ దానికీ ఎక్కడా తేడా లేదు, ఒక్క చోట తప్ప. కింద, గుమ్మానికి బయట, కోట ముందరి బోసి నేల మీద ఒక చుక్క ఉంది. లోపలికి పోకముందే వెతకాలని దాని పక్కన రాశారు.

అత్తకు తెలుసా అని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. చూడని గదులకు చుక్కలు పెట్టగలిగిన మనిషి. ముగ్గు పాదాల దగ్గర అంతసేపు నిలబడిన మనిషి. తెలిసి ఉంటుందని ఒకసారి, ఆ చోటు కంటికి ఆనే ఉండదని ఒకసారి అనుకుంటాను. ఏ లెక్కయినా రెండుసార్లు కూడితే ఒకే మొత్తం రావాలి. ఇది రావడం లేదు.

మా ఆయన పోయి మూడేళ్ళు. ఈ అపార్ట్‌మెంటులో మా తలుపు ముందు నాలుగు పలకల నేల, దానిమీద మా అమ్మాయి కొనితెచ్చి అంటించిన ప్లాస్టిక్ ముగ్గు. అది ఎవరు పెట్టాలి, ఎవరు పెట్టకూడదు అని ఎవరూ అడగరు. నన్ను పెట్టవద్దనే అవ్వ లేదు. పెడితే చూసి నేర్చుకునే వీధీ లేదు, పొద్దున్నే నీళ్ళు చల్లే చప్పుడూ లేదు, కిటికీ వెనకనుంచి మెలిక తిప్పమని చెప్పే గొంతూ లేదు.

తార ఆట మొదలుపెట్టింది. పేరేం పెట్టాలి పాటీ అని అడిగింది. వసంత అన్నాను. అది కొట్టింది. వసంతా, నువ్వు కోట ముందు నిలబడి ఉన్నావు, నేల బోసిగా ఉంది, తలుపు తెరిచి ఉంది అని తెరమీద వచ్చింది. తార లోపలికి పోకుండా, అక్కడే వెతకమని కొట్టింది. మొదటి అడుగులోనే, ఏ నూనె ఖర్చూ కాకుండా, మట్టిలోంచి దీపం బయటపడింది.

"దొరికింది పాటీ. ఇప్పుడు లోపలికి పోదామా?"

"ఉండు," అన్నాను. "కొంచెంసేపు వాకిట్లోనే ఉండనీ."